ఆ ముగ్గురూ ఎక్కడికి వెళ్లారు?

పోయిన నెల ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. విప్పితే గోధుమరంగు అట్ట ఉన్న పాత రిజిస్టరు. అంచులు నలిగిపోయాయి, వెన్ను దగ్గర కుట్టు ఊడింది, కాగితాలు విడిపోకుండా చుట్టూ దారం కట్టి ఉంది. అట్ట మీద సిరాతో ఒకే ఒక్క అంకె: 9. తోకని కాస్త ఎడమకి లాగి రాసిన ఆ తొమ్మిదిని చూడగానే ఎవరిదో తెలిసిపోయింది. అయిదేళ్లపాటు బ్లాక్‌బోర్డు మీద చూసిన తొమ్మిది అది. మాస్టారు పోయి ఏడాది దాటింది. ఇల్లు సర్దుతుంటే కనపడిందట, చివరి పేజీలో నా పేరు ఉందని వాళ్లమ్మాయి పంపింది.

ఆయన మాకు ఎకనామెట్రిక్స్, అంటే ఆర్థిక సంగతుల్ని అంకెలతో కొలిచి చూసే శాస్త్రం, చెప్పారు. 1967 నుంచి 1998 దాకా, ఒకే డిపార్ట్‌మెంట్‌లో, ముప్ఫై ఒక్క ఏళ్లు. పేరు రాయడం లేదు. రాయాల్సిన చోట్ల కూడా తన పేరు కొట్టేయించుకున్న మనిషి. ఇప్పుడు నేను రాస్తే పైనుంచి ఎర్ర పెన్సిల్‌తో అడ్డగీత పెడతారేమోనని భయం.

నేను ఎంఏలో చేరింది 1984లో. క్లాసులో ఇరవై నలుగురం. సగంమందికి లెక్కలంటే భయం, మిగతా సగానికి లెక్కలు వచ్చన్న ధీమా. మొదటి రోజు ఆయన హాజరు కూడా తీసుకోలేదు. మమ్మల్ని నాలుగు గుంపులు చేసి, గుంపుకొక చీటీ ఇచ్చారు. చీటీలో రెండు వరసల్లో అంకెలు, పదకొండు జతలు. "సగటు కట్టండి, రెండు వరసలూ ఎంతగా కలిసి నడుస్తున్నాయో చెప్పే కోరిలేషన్ కట్టండి, ఈ రెండు వరసల మధ్య సరళరేఖ ఏమిటో తేల్చండి" అని, కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

గుంపుకి ఒకటో రెండో కాలిక్యులేటర్లు. ముప్పావుగంట కుస్తీ పట్టాం. మొదటి గుంపువాళ్లు లేచి చెప్పారు: ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, కోరిలేషన్ 0.82, రేఖ వచ్చేసి వై = 3 + 0.5 ఎక్స్. రెండో గుంపుదీ అదే. మూడోవాళ్లు కూడా అదే చెప్పేసరికి క్లాసంతా నవ్వులు. అందరికీ ఒకే చీటీ ఇచ్చి మమ్మల్ని ఆటపట్టిస్తున్నారనుకున్నాం. నాలుగో గుంపులో ఉన్న నాకు మాత్రం నవ్వు రాలేదు. మా జవాబూ అదే, కానీ మా చీటీలో ఎక్స్ వరసలో పదిసార్లు 8 ఉంది, ఒక్కచోటే 19. పక్కవాళ్ల చీటీలోకి తొంగిచూస్తే అలా లేదు.

"ఇప్పుడు గ్రాఫు కాగితం మీద పెట్టండి" అన్నారు. పెట్టాం. మొదటి గుంపు చుక్కలు రేఖకి అటూ ఇటూ మామూలుగా చెదిరి ఉన్నాయి. రెండోవాళ్లవి విల్లులా వంగాయి. మూడోవాళ్లవి స్కేలు పెట్టి గీసినట్టు వరసగా ఉండి, ఒక్క చుక్క మాత్రం పైకి ఎగిరిపోయింది. మావి పది చుక్కలు గోడలా నిలువుగా నిలబడితే, ఎక్కడో దూరంగా ఒంటరిగా ఇంకొక చుక్క. రేఖ వాలు మొత్తం ఆ ఒంటరి చుక్క చేతిలోనే ఉంది. దాన్ని తీసేస్తే అసలు రేఖే లేదు.

ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే స్టాటిస్టీషియన్ 1973లో కావాలని తయారుచేసిన అంకెలవి. ఆ సంగతి క్లాసు అయిపోయాక, తలుపు దాటుతూ చెప్పారు. తర్వాత ఆ నాలుగు బొమ్మల్నీ పుస్తకాల్లో ఎన్నిసార్లు చూశానో. పుస్తకంలో చూస్తే అదొక సంగతి. చెమటోడ్చి కట్టిన లెక్క మన కళ్లముందే తెల్లమొహం వేస్తే అది వేరు.

సబ్జెక్టు గురించి పెద్ద పెద్ద నిర్వచనాలు ఆయన చెప్పేవారు కాదు. నార్వే ఆర్థికవేత్త రాగ్నర్ ఫ్రిష్ 1926లో ఈ పేరు పెట్టాడనీ, 1930లో ఎకనామెట్రిక్ సొసైటీ, 1933లో దాని పత్రిక మొదలయ్యాయనీ, అర్థశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ 1969లో ఫ్రిష్‌కీ, డచ్చివాడైన టిన్‌బర్గెన్‌కీ కలిపి ఇచ్చారనీ పది నిమిషాల్లో ముగించేశారు. "ఆర్థిక సిద్ధాంతం, గణితం, స్టాటిస్టిక్స్. ముక్కాలిపీట ఇది. ఏ కాలు పొట్టిదైనా కూర్చున్నవాడు పడతాడు" అని ఊరుకున్నారు. పరీక్షలో రాయడానికి ఏదైనా నిర్వచనం చెప్పండి సార్ అని ఒకడు అడిగితే, "పీట అని రాయి" అన్నారు. వాడు నిజంగానే రాశాడు. మార్కులు పడ్డాయో లేదో గుర్తు లేదు.

ఆయన పాఠాల్లో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుండేది నాణేల రోజు. ఒక్కొక్కరు నాణెం యాభైసార్లు ఎగరేయాలి. బొమ్మ పడితే ఒకటి కలపాలి, బొరుసు పడితే ఒకటి తీసెయ్యాలి. ఎప్పటికప్పుడు వచ్చిన మొత్తాన్ని వరసగా రాసుకుంటూ పోవాలి. తర్వాత పక్కవాళ్ల వరసతో మన వరసకి రిగ్రెషన్, అంటే రెండింటి మధ్యా సరళరేఖ కట్టడం. నా నాణేనికీ పక్కమ్మాయి నాణేనికీ ఏం చుట్టరికం ఉంటుంది? అయినా ఆ సంబంధాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే టి-విలువ నాలుగు దాటింది. రెండు దాటితే చాలు, సంబంధం ఉన్నట్టేనని పుస్తకం చెబుతోంది. క్లాసులో పన్నెండు జతలైతే, తొమ్మిది జతలకి ఇదే వరస.

"కాకతాళీయం అంటాం చూడండి, కాకి వాలడం, తాటిపండు పడడం. ఒకసారి జరిగితే కాకతాళీయమే. ఇక్కడ పన్నెండుసార్లు వాలితే తొమ్మిదిసార్లు పండు పడుతోంది. అంటే తప్పు కాకిది కాదు, మీ లెక్కది" అన్నారు. 1974లో గ్రాంజర్, న్యూబోల్డ్ అనే పరిశోధకులు కంప్యూటర్ మీద చేసి చూపించింది ఇదే. ఎవరి దారిన వాళ్లు తిరిగే రెండు వరసల్ని తెచ్చి పక్కపక్కన పెడితే, నాలుగింట మూడుసార్లు దాకా లేని చుట్టరికం కనపడుతుంది. ఏళ్లతరబడి పెరుగుతూ పోయే ధరల్నీ ఆదాయాల్నీ పక్కపక్కన పెట్టినప్పుడు వచ్చే ముప్పూ ఇదే. గ్రాంజర్‌కి 2003లో నోబెల్ వచ్చిన రోజు మాస్టారికి ఫోన్ చేశాను. అవతలనుంచి మొదటి మాట: "నాణెం దాచుకున్నావా?" దాచుకున్నాను.

ఇంకో రోజు బోర్డు మీద చుక్కలు పెట్టారు. నిలువు గీత మీద ధర, అడ్డ గీత మీద అమ్మిన సరుకు. "ఇది డిమాండ్ రేఖా, సప్లై రేఖా?" అని అడిగి పక్కకి తప్పుకున్నారు. మేం రెండు పార్టీలుగా విడిపోయి గంటసేపు కొట్టుకున్నాం. రెండూ కాదట. ఒక్కొక్క చుక్కా ఆ రెండు రేఖలూ కలుసుకున్న చోటు. డిమాండ్ రేఖ కనపడాలంటే సప్లై మాత్రమే కదలాలి, డిమాండ్ కదలకూడదు. ఉదాహరణకి దిగుబడి. వాన పడక పంట తగ్గితే సప్లై కదులుతుంది, కొనేవాడి కోరిక అక్కడే ఉంటుంది. ఈ కిటుకుని ఫిలిప్ రైట్ అనే ఆయన నూనెల మీద సుంకాల గురించి 1928లో రాసిన పుస్తకం చివర, అనుబంధం 'బి'లో, అవిసె గింజల లెక్కతో పెట్టాడు. చాలాకాలం దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. జెనెటిక్స్‌లో పేరున్న ఆయన కొడుకు సూయల్ రైటే అది రాసి ఉంటాడని కూడా కొందరన్నారు. 2003లో ఇద్దరు పరిశోధకులు వాక్యాల తీరు పోల్చి చూసి తండ్రిదేనని తేల్చారు. మాస్టారికి ఆ కథంటే మహా ఇష్టం. పుస్తకాన్ని వెనకనుంచి తెరిచే అలవాటు మాకు అలా అంటుకుంది.

కంప్యూటర్ సెంటర్ సంగతి చెప్పకపోతే ఆ రోజులు పూర్తికావు. పంచ్ కార్డులు, అంటే అంకెల్ని చిల్లులుగా పొడిచి కంప్యూటర్‌కి ఇచ్చే అట్టముక్కలు. ఒక్కో కార్డుకి ఎనభై గళ్లు, ఒక్కో వరసకి ఒక్కో కార్డు. కట్ట తీసుకెళ్లి కౌంటర్లో ఇస్తే మర్నాడు ప్రింటవుట్ వచ్చేది. ఎక్కడో కామా పడకపోతే ప్రింటవుట్ బదులు ఒక్క లైను తిట్టు వచ్చేది. మళ్లీ మర్నాడు. ఒకసారి మెట్ల మీద నా చేతిలోంచి రెండువందల పైచిలుకు కార్డులు జారి కిందికి పోయాయి. ఏడుపొక్కటే తక్కువ. మాస్టారు వచ్చి నాతోపాటు మెట్ల మీద కూర్చుని ఏరారు. ఏరడం అయ్యాక కార్డులన్నీ వరస చేయించి, కట్టని నిలబెట్టి, పైఅంచు మీద ఈ మూలనుంచి ఆ మూలకి ఎర్ర పెన్సిల్‌తో ఏటవాలుగా ఒక గీత గీశారు. "ఈసారి పడితే గీత కలిసేలా పేర్చుకో." అంతే. తిట్టలేదు. మొదటి రోజే ఈ ఉపాయం చెప్పి ఉండొచ్చు కదా అని నాకు లోపల కోపం వచ్చిన మాట కూడా నిజం.

యంత్రాన్ని ఆయన నమ్మేవారు, కానీ వెనకాల ఓ కన్నేసి ఉంచేవారు. చదువుకునే రోజుల్లో చేత్తో తిప్పే కాలిక్యులేటర్ మీద మాట్రిక్సులు తిరగేసిన చెయ్యి అది. ఏ కొత్త ప్రోగ్రాం వచ్చినా ముందుగా 'లాంగ్లీ పరీక్ష' పెట్టేవారు. 1947 నుంచి 1962 వరకు పదహారేళ్ల అమెరికా ఉద్యోగాల లెక్కలు తీసుకుని లాంగ్లీ అనే ఆయన 1967లో కంప్యూటర్ ప్రోగ్రాముల్ని పరీక్షిస్తే, అవే అంకెలకి ఒక్కో ప్రోగ్రాం ఒక్కో జవాబు చెప్పింది. అందులో అంకెలు ఒకదానితో ఒకటి అంతగా కలగలిసిపోయి ఉంటాయి. ఆ పరీక్ష గట్టెక్కితేనే కొత్త ప్రోగ్రాంకి మా డిపార్ట్‌మెంట్‌లో ప్రవేశం.

ఇక రిజిస్టర్లు. ఏ రిగ్రెషన్ చేసినా ముందు రిజిస్టర్లో రాయాలి, తర్వాతే కౌంటర్‌కి వెళ్లాలి. పేజీకి ఆరు నిలువు గళ్లు: తేదీ, రన్ నంబరు, ఏం అడుగుతున్నాం, ఏ గుర్తు రావాలి, ఏ గుర్తు వచ్చింది, ఏం చేశాం. 'ఏ గుర్తు రావాలి' అన్న గడి ఫలితం రాకముందే నింపాలి. ప్లస్సా, మైనస్సా, అంటే ఒకటి పెరిగితే రెండోది పెరుగుతుందా, తగ్గుతుందా. తర్వాత దిద్దడానికి వీల్లేదు, పేజీ చింపడానికి అసలు వీల్లేదు. ఇరవై రిగ్రెషన్లు చేసి, బాగా వచ్చిన ఒక్కటి బయటపెట్టి, మిగతా పందొమ్మిదింటినీ చాప కింద దాచేస్తే అది శాస్త్రం కాదని ఆయన వాదన. లేని సంబంధం ఉన్నట్టు కనపడే అవకాశానికి అయిదు శాతం హద్దు పెట్టుకున్నాక, ఇరవైలో ఒకటి ఊరికే అయినా తగులుతుంది కదా. ఎడ్వర్డ్ లీమర్ అనే ఆర్థికవేత్త 1983లో ఇదే గొడవ మీద ఘాటుగా వ్యాసం రాస్తే, దాని జిరాక్సు తెచ్చి మాకు పంచారు. అప్పటికే మాస్టారి రిజిస్టర్లు ఏడో నంబరులో ఉన్నాయి.

నా పీహెచ్‌డీ కూడా ఆయన దగ్గరే. కుటుంబాల ఆదాయం, ఖర్చు మీద పని. నూట నలభై ఏడు కుటుంబాల సర్వే. ఎంతకీ రేఖ కుదరడం లేదు. గ్రాఫు పెట్టి చూస్తే మూడు చుక్కలు ఎక్కడో ఆకాశంలో ఉన్నాయి. ఆ మూడు కార్డులూ తీసి పక్కన పెట్టాను. అద్దంలా వచ్చింది ఫలితం. రేఖ అంకెలకి ఎంత బాగా కుదిరిందో చెప్పే ఆర్-స్క్వేర్ అమాంతం పెరిగింది. సంబరంగా ప్రింటవుట్ తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను.

ఆయన ఆర్-స్క్వేర్ వైపు కూడా చూడలేదు. ఎర్ర పెన్సిల్ కిందికి జారుకుంటూ వెళ్లి 'డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్' అన్న చోట ఆగింది. కుటుంబాల సంఖ్యలోంచి, సూత్రంలో తేల్చాల్సిన నాలుగు అంకెల్ని తీసేస్తే మిగిలేది అది. అక్కడ 140 అని ఉంది. పక్కన చిన్నగా రాశారు: 147 − 4 = 143. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"ఆ ముగ్గురూ ఎక్కడికి వెళ్లారమ్మా?"

"అవుట్‌లయర్స్ సార్."

"అని ఎవరు చెప్పారు?"

"గ్రాఫులో బాగా దూరంగా ఉన్నాయి సార్."

"దూరంగా ఉంటే దగ్గరికెళ్లి చూడాలి గదా."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దొంగతనం చేశాననుకోలేదు నేను. అందరూ అలాగే చేస్తారనుకున్నాను. మర్నాడు గోదాం గదిలో ఉన్న ట్రంకు పెట్టెలు తెరిచి, తాళ్లు కట్టిన సర్వే షెడ్యూళ్ల (కుటుంబానికొకటి నింపిన ఫారాల) కట్టల్లో ఆ మూడింటినీ వెతికాను. రెండ్రోజులు పట్టింది. మొదటిది సున్నా తప్పు. 450 ఉండాల్సిన చోట కార్డు మీద 4500 పంచ్ చేశాను. తప్పు నాదే. మిగతా రెండూ నిజం అంకెలు. ఆదాయం కాస్తంత, ఖర్చు దానికి మూడింతలు. షెడ్యూలు చివర 'ఇతర వివరాలు' అన్న చోట, సర్వే చేసినవాళ్లు పెన్సిల్‌తో రాసిన మాట: వైద్యం కోసం అప్పు.

ఆ గడిని నేను అంతవరకు చదవనేలేదు. అంకెలు కావని వదిలేశాను. ఇప్పుడు నూట నలభై ఏడూ మొదటినుంచి తిరగేస్తే, అదే మాట ఇంకో పదకొండు షెడ్యూళ్లలో ఉంది. వాళ్ల ఖర్చులు అంత దూరంగా లేవు కాబట్టి నా కంట పడలేదు. వాళ్లు రేఖని కొంచెం కొంచెంగా పక్కకి లాగుతూ లోపలే కూర్చున్నారు. నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం అదే అయ్యింది. తర్వాత నాకు ఉద్యోగం తెచ్చిపెట్టిన పేపరు కూడా అందులోంచి వచ్చిందే. దాని మీద ఆయన పేరు కలిపి పంపాను. డ్రాఫ్టు తిరిగొచ్చింది, రెండో పేరు మీద ఎర్ర గీత. "షెడ్యూళ్లు చదివింది నువ్వు" అని మార్జిన్లో ఉంది.

ఆయనతో అంతా బాగుండేదని చెప్తే అబద్ధం. మహా నిదానం. ఒక అధ్యాయం ఇస్తే మూడు నెలలు ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నాకంటే ముందు చేరిన ఒకాయన, ఇంకోసారి డేటా సరిచూడమన్నారని విసిగిపోయి, గైడునే మార్చుకుని వెళ్లిపోయాడు. ఆయన పక్షాన కూడా న్యాయం ఉంది. ఇంట్లో బాధ్యతలున్నవాడికి ఆరేళ్లు స్కాలర్‌గా ఉండడం చిన్న విషయం కాదు. మాస్టారి సొంత పేపర్లు లెక్కపెడితే రెండు చేతుల వేళ్లు చాలు. తన తర్వాత చేరినవాళ్లు ముందుగా ప్రొఫెసర్లయ్యారు. దాని గురించి ఏమనుకునేవారో ఎప్పుడూ అనలేదు. అడిగే చనువు నాకూ లేదు.

ఒకసారి ఒక ఆఫీసువాళ్లు వచ్చే ఏడాది గిరాకీ ఎంతుంటుందో అంచనా కట్టమని అడిగారు. ఆయన ఇంతనుంచి ఇంతదాకా అని రెండు అంకెలు ఇచ్చారు. "ఒక్క అంకె చెప్పండి మాస్టారూ, పైవాళ్లకి రెండు చెప్తే అర్థం కాదు" అని మూడుసార్లు తిరిగారు. చివరికి మధ్య అంకె రాసిచ్చి, పక్కన ఇంతవరకు అటూ ఇటూ అవ్వొచ్చని స్పష్టంగా రాశారు. అచ్చయిన నివేదికలో మధ్య అంకె ఒక్కటే ఉంది, లావు అక్షరాల్లో. అది చూసి ఆయన అన్న మాట నాకు బాగా గుర్తు: "కాకిలెక్కలైనా నయం, కాకికి తెలుసు అవి కాకిలెక్కలని." వాళ్లిచ్చిన చెక్కు బ్యాంకులో వెయ్యలేదు. కోపంతోనని నేనంటాను. మరిచిపోయి ఉంటారని వాళ్లమ్మాయి అంటుంది.

ఎకనామెట్రిక్స్ పండితుడు మద్దాల రాసిన పుస్తకం గురించి చెప్పాలి. ఆయన గదిలో తాళం వేసిన బీరువాలో ఉండేవి రెండు మూడే, వాటిలో ఇదొకటి. 1983లో కేంబ్రిడ్జివాళ్లు వేశారు. మొదటిసారి చేతికిచ్చినప్పుడు అట్ట మీద పేరు చూపించి, "ఈ ఇంటిపేరు మన తెలుగుదే" అన్నారు. ఆయన గొంతులో గర్వం విన్నది ఆ ఒక్కసారే. జి.ఎస్. మద్దాల ఆంధ్రా యూనివర్సిటీలో గణితం బీఏ, బొంబాయిలో స్టాటిస్టిక్స్ ఎంఏ చేసి, ఫుల్‌బ్రైట్ మీద అమెరికా వెళ్లి 1963లో షికాగోలో పీహెచ్‌డీ తీసుకున్నారు. స్టాన్‌ఫర్డ్, రోచెస్టర్, ఫ్లోరిడా, చివరికి ఒహాయో స్టేట్. ఆదాయాల పంపిణీ మీద 1976లో సింగ్‌తో కలిసి ఆయన ప్రతిపాదించిన సూత్రం ఇవాళ్టికీ వాళ్లిద్దరి పేరుతోనే నడుస్తోంది. 1999లో పోయారు.

ఆ పుస్తకంలో ఉన్నదంతా అవును, కాదు అనే జవాబుల గురించీ, సగం మాత్రమే కనపడే అంకెల గురించీ. ఉద్యోగం చేస్తుందా, చెయ్యదా? చేస్తే జీతం తెలుస్తుంది. చెయ్యని ఆవిడకి ఎంత వచ్చేదో ఏ సర్వేలోనూ ఉండదు. చేసేవాళ్ల జీతాలు మాత్రం తీసుకుని ఆడవాళ్ల జీతాల మీద సూత్రం కడితే అది వంకరగా వస్తుంది, ఎందుకంటే ఇంట్లో ఉండిపోయినవాళ్లు యాదృచ్ఛికంగా ఉండిపోలేదు. హెక్‌మన్ అనే ఆర్థికవేత్త 1979లో దీనికి మందు చెప్పాడు, 2000లో నోబెల్ అందుకున్నాడు. ఆ పాఠం చెప్పే రోజు మాస్టారు బోర్డు మీద ఒక్క సమీకరణం కూడా రాయకుండా అరగంట మాట్లాడారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. ఏ మెతుకు చేతికొస్తుందో ఎవరు నిర్ణయిస్తున్నారు? అదీ ఆ రోజు ప్రశ్న. వెనక బెంచీలో కూర్చున్న నాకు ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. ఆయన నా వైపు చూశారో, నాకలా అనిపించిందో.

1998లో రిటైరయ్యారు. వీడ్కోలు సభలో ఉపన్యాసాలు చాలా అయ్యాయి, వాటిలో ఒక్కటీ గుర్తులేదు. ఆయన మాత్రం లేచి, డిపార్ట్‌మెంట్ బీరువా తాళంచెవి ఎవరికి అప్పగించాలని అడిగి కూర్చున్నారు. తర్వాత కూడా ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లేదాన్ని. కంప్యూటర్ ముందు కూర్చునేవారు కానీ మౌస్ అంటే పడేది కాదు. ఎక్కడ నొక్కావో రేపు నీకే గుర్తుండదు, టైపు చేసిన కమాండ్ అయితే కాగితం మీద ఉంటుంది, అనేవారు. అందులో తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ ఏమీ దొరకలేదు.

2013లో వెళ్లినప్పుడు ఒక కబురు మోసుకెళ్లాను. మూడేళ్ల కిందట వచ్చిన ఒక ప్రసిద్ధమైన పేపరు, అప్పు జీడీపీలో తొంభై శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని చెప్పింది. అమెరికాలో ఒక పీహెచ్‌డీ విద్యార్థి హోంవర్కుగా ఆ లెక్క మళ్లీ కట్టబోతే కుదరలేదు. రాసినవాళ్లనే ఫైలు అడిగి తెచ్చుకుని చూస్తే, ఎక్సెల్‌లో సగటు కట్టిన చోట కొన్ని వరసలు ఎంచుకోవడం మరిచిపోయారు. కొన్ని ఏళ్లు వదిలెయ్యడం, సగటు కట్టిన పద్ధతి, వీటి మీద కూడా తగాదా ఉంది. అన్నీ సరిచేసి కడితే ప్లస్ 2.2 వచ్చింది. నేను ఇదంతా ఉత్సాహంగా చెబుతుంటే మాస్టారు మధ్యలో ఆపారు.

"ఎన్ని దేశాలు తప్పిపోయాయి?"

"అయిదు సార్."

ఏవేవని అడిగారు. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్. అక్షరక్రమంలో మొదటివన్నమాట, అన్నారు. కాసేపాగి, "ఆ అబ్బాయిని అందరూ మెచ్చుకుంటారు, మంచిదే. అడగ్గానే ఫైలు ఇచ్చారే, వాళ్లకి కూడా ఒక దణ్ణం పెట్టాలమ్మా. ఇవ్వకపోతే ఏం చేసేవాళ్లం?" అన్నారు. నాకు అంతవరకు ఆ వైపునుంచి ఆలోచన పోలేదు.

ఇప్పుడీ తొమ్మిదో రిజిస్టరు. 1986లో మొదలై 1991 దగ్గర ఆగింది. దారం విప్పి మెల్లగా తిరగేశాను. నా మూడు కుటుంబాల పేజీ దొరికింది. 'ఏం చేశాం' అన్న గడిలో 'అమ్మాయిని ట్రంకు పెట్టెల దగ్గరికి పంపాను' అని ఉంది. పక్క పేజీలో అయిదు రన్నులు, అయిదింటికీ అనుకున్న గుర్తు తప్పు. దిద్దలేదు.

చివరి పేజీలో ఉన్నది నా పని కాదు, ఆయన సొంతం. ఒక పంట విస్తీర్ణం, కిందటేడు దాని ధర, వాన, ఇరవై రెండేళ్ల లెక్కలు. 1958లో నెర్లోవ్ అనే ఆర్థికవేత్త చూపించిన దారిలో కట్టినది. కిందటేడు ధర బాగుంటే రైతు ఈ ఏడు ఎక్కువ వేస్తాడు, అంటే ప్లస్ రావాలి. 'ఏ గుర్తు రావాలి' గడిలో ప్లస్. 'ఏ గుర్తు వచ్చింది' గడిలో మైనస్. పోటీ పంట ధర కలిపారు, మైనస్. మొదటి మూడేళ్లు వదిలి చూశారు, మళ్లీ వాటిని లోపలికి తెచ్చారు, మైనస్. రన్ నంబరు 611 నుంచి 618 వరకు ఎనిమిదిసార్లు. చివరి గడిలో మామూలుకన్నా చిన్న అక్షరాలు: 'డేటా మూడుసార్లు సరిచూశాను. తప్పు లేదు. ఎందుకో తెలియలేదు. అమ్మాయికి చూపించాలి.' కింద బ్రాకెట్లో నా పేరు.

చూపించలేదు. మరిచిపోయారో, నాకు ఉద్యోగం, పిల్లలు వచ్చాక అడగడానికి మొహమాటపడ్డారో. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లపైన మేం కలుస్తూనే ఉన్నాం.

నిన్న ఆదివారం పొద్దున్నే కూర్చుని ఆ ఇరవై రెండు వరసల్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. ఒకసారి ఎక్కించి, రిజిస్టరు పక్కన పెట్టుకుని పైనుంచి కిందికి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి సరిచూశాను. ముందు బొమ్మ గీశాను. చుక్కలు మామూలుగానే ఉన్నాయి, దూరంగా ఎవరూ లేరు. 618 కింద తేదీ వేసి, 619 అని రాసి, 'ఏ గుర్తు రావాలి' గడిలో ప్లస్ పెట్టి, అప్పుడు రిగ్రెషన్ నడిపాను. ఆయన కార్డుల మీద చేయించిన లెక్క మూడో దశాంశం దాకా అలాగే వచ్చింది.

మైనస్ అని రాశాను. చివరి గడి ఖాళీగా ఉంచాను. మూడోసారి ఇంకా సరిచూడాలి.